తెల్లగా ఉన్నదంతా జింకేనా?

మిర్యాలగూడ: నాగార్జునసాగర్ ఎడమ కాలువకు నీరు వదిలారన్న కబురు అందగానే ఎరువుల దుకాణాల ముందు రైతులు బారులు తీరడం మామూలే. యూరియా, డి.ఎ.పి. బస్తాలతో పాటు జింకు సంచీ కూడా బండికెక్కుతుంది. యూరియా అందకపోతే రైతులు రోడ్డెక్కుతారు, అధికారులు పరుగులు తీస్తారు. జింకు సంచీలో ఉన్నది అసలు జింకేనా అని మాత్రం అడిగే నాథుడు లేడు.

ఈ ఆయకట్టులో జింకు లోపానికి కారణాలు తెలిసినవే. 1967లో సాగర్ కాలువలకు నీరు వదిలిన తరువాత మెట్ట చేలు మాగాణులయ్యాయి. వానాకాలం వరి, యాసంగిలోనూ వరి. మడిలో నీరు ఎప్పుడూ నిలిచి ఉండడం, భాస్వరం ఎరువులు మోతాదు మించడం, సున్నం పాలు ఎక్కువగా ఉన్న నేలలు, ఇవన్నీ కలిసి భూమిలో ఉన్న జింకును కూడా మొక్కకు అందనివ్వవు. నాటిన రెండు వారాల నుంచి ఆరు వారాల లోపు ఆకు మధ్య ఈనె మొదట్లో పాలిపోతుంది. ముదురాకుల మీద తుప్పు రంగు మచ్చలు వస్తాయి. ఆకు పెళుసై, వంచితే చప్పుడు చేస్తూ విరుగుతుంది. దుబ్బు గిడసబారుతుంది. యూరియా ఎంత చల్లినా పైరు పచ్చబడదు. ఇది తెగులు కాదని, జింకు లోపమని 1966లోనే పంత్‌నగర్‌లో శాస్త్రవేత్త వై.ఎల్. నేనె తేల్చి చెప్పారు.

విరుగుడు కష్టమైనదేమీ కాదు. వరి తరువాత వరి వేసే పొలంలో మూడు పంటలకు ఒకసారి ఆఖరి దమ్ములో ఎకరాకు 20 కిలోల జింకు సల్ఫేటు వేస్తే చాలు. దీన్ని డి.ఎ.పి., సూపరు వంటి భాస్వరం ఎరువులతో కలిపి చల్లకూడదు. కలిపితే రెండూ ముద్దకట్టి పైరుకు దక్కకుండా పోతాయి. నాటిన తరువాత లోపం కనబడితే లీటరు నీటికి 2 గ్రాముల చొప్పున, అయిదు రోజుల ఎడంతో రెండు మూడు సార్లు పిచికారీ చేయాలి.

చిక్కంతా సరుకులోనే ఉంది. మామూలు జింకు సల్ఫేటులో 21 శాతం జింకు ఉండాలన్నది 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వులోని నిబంధన. మరో రకంలో 33 శాతం ఉంటుంది. 20 కిలోల మొదటి రకంతో పొలానికి 4 కిలోలకు పైగా జింకు చేరుతుంది. రెండో రకమైతే సుమారు 13 కిలోలే సరిపోతుంది. సంచీ మీద ఈ అంకె చూడకుండా ధర బేరమాడితే మోసపోయేది రైతే.

అంకె సరిగా ఉన్నంత మాత్రాన సరుకు సరైనదని నమ్మకం లేదు. జింకు సల్ఫేటులో ఎక్కువగా కల్తీ చేసేది మెగ్నీషియం సల్ఫేటును. రెండూ తెల్లని పలుకులే, రెండూ నీటిలో ఇట్టే కరుగుతాయి. పలుకుల ఆకారం కూడా ఒక్కటే. తెల్లనివన్నీ పాలనుకునే రైతు చేతిలో అది జింకుగా చెల్లిపోతుంది. అందులో జింకు రవ్వంత కూడా ఉండదు.

నిగ్గు తేల్చడానికి తేలిక పరీక్ష ఉంది. ఒక గ్లాసులో చెంచాడు జింకు, మరో గ్లాసులో చెంచాడు డి.ఎ.పి. కరిగించి, పైన తేరిన నీళ్లను కలపాలి. జింకైతే పాలు విరిగినట్లు చిక్కటి తెల్లని ముద్ద కడుతుంది. మెగ్నీషియం అయితే అలా కట్టదు. అయితే సగం జింకు, సగం మెగ్నీషియం కలిపిన సరుకు ఈ పరీక్షకు దొరకకపోవచ్చు. దానికి కాస్టిక్ సోడా పరీక్ష కావాలి. పలుచటి సోడా నీళ్లకు ఏర్పడిన తెల్లని ముద్ద చిక్కటి సోడా పోస్తే పూర్తిగా కరగాలి, కరగకుండా మిగిలితే కల్తీ ఉన్నట్లే. కాస్టిక్ సోడా చేతులను, కళ్లను కాల్చేస్తుంది. ఆ పరీక్ష చేయవలసింది వ్యవసాయ శాఖ సిబ్బందే తప్ప రైతు కాదు.

జింకు సల్ఫేటు పురుగుమందుల వంటి విషం కాకపోయినా ఉప్పులా కనిపించడమే దానితో ప్రమాదం. కడుపులోకి పోతే వాంతులవుతాయి, కంట్లో పడితే చూపుకే ముప్పు. మిగిలినదాన్ని వంటింట్లో, పశువుల దాణా దగ్గర ఉంచరాదు. చేపలకు హాని గనుక సంచులు చెరువులో కడగరాదు. ఎలుకల మందుగా అమ్మే జింకు ఫాస్ఫైడు వేరు. నల్లటి ఆ పొడి ప్రాణాంతకం, దానికి విరుగుడు మందు లేదు. దుకాణానికి పిల్లలను పంపి "జింకు తే" అని పొడిపొడిగా చెప్పడం మానుకోవాలి.

కల్తీ ఎరువు అమ్మడం నిత్యావసర సరుకుల చట్టం కింద నేరం. కానీ పైరు ఎర్రబడ్డాక రైతు దుకాణానికి వెళితే "బిల్లేదీ?" అన్నదే మొదటి ప్రశ్న. ఫిర్యాదు వచ్చాక నమూనా తీసి, అది ప్రయోగశాలకు వెళ్లి, ఫలితం వచ్చేసరికి దమ్ము అదును దాటిపోతుంది. దుకాణదారుకు శిక్ష పడినా ఆ రైతుకు పోయిన పిలకలు తిరిగి రావు.

అందువల్ల నమూనాలు తీయవలసింది ఫిర్యాదు అందాక కాదు, సరుకు దుకాణంలో దిగిన రోజున. నాట్లకు ముందే గ్రామ పంచాయతీ వద్ద పది మంది ఎదుట రెండు పరీక్షలూ చేసి చూపాలి. ఏ రకంలో ఎంత శాతం జింకు ఉందో, ధర ఎంతో దుకాణం ముందు బోర్డు మీద రాయించాలి. రైతులు కూడా బిల్లు లేనిదే సంచీ ఎత్తకూడదు. పంట కోసేవరకు ఖాళీ సంచీని, అందులో గుప్పెడు సరుకును దాచి ఉంచాలి. యూరియా కోసం గొంతెత్తే రైతాంగం జింకు నాణ్యత కోసం కూడా ఒక్కసారి నిలదీస్తే, అధికారులకు ఆ రెండు గ్లాసులు బల్ల మీద పెట్టక తప్పదు.