ఎముకలో ఉక్కుకడ్డీ

కోనసీమ కొబ్బరితోటల్లో దింపు తీసేవారిని మీరు చూసే వుంటారు. అంత ఎత్తునుంచి జారిపడితే తొడ ఎముక విరగవచ్చు. అది మోకాలికి దగ్గరగా విరిగితే చిక్కు మరీ ఎక్కువ. ఎందుకో తెలుసా?

మన ఒంట్లోకెల్లా పొడవైన ఎముక తొడ ఎముక. దాని నడిమిభాగం వెదురుబొంగులాగా బోలుగా వుంటుంది. మోకాలి దగ్గరికి వచ్చేసరికి గరాటాలాగా వెడల్పవుతుంది. అక్కడ విరిగితే పిక్క కండరాలు కింది ముక్కను వెనక్కు లాగుతాయి. మోకాలి వెనకనే కాలికి నెత్తురు తెచ్చే పెద్ద ధమని వున్నది. విరిగిన అంచు దానికి గుచ్చుకుంటే కాలికే ముప్పు!

పూర్వం ఇలాటి రోగి కాలికి బరువులు వేలాడదీసి, వారాల తరబడి మంచంమీదనే వుంచేవారు. ఎముక అతికినా, చాలామందికి మోకాలు బిగుసుకుపోయేది. 1939లో జర్మనీలోని కీల్ నగరంలో గెర్హార్డ్ క్యూంచర్ అనే వైద్యుడు తొడ ఎముక బోలులోకి ఉక్కుకడ్డీ దింపి, విరిగిన ముక్కలను నిలబెట్టాడు. రెండవ ప్రపంచయుద్ధంలో జర్మనులకు బందీలై తిరిగివచ్చిన అమెరికా సైనికుల ఎక్స్‌రేలలో ఈ కడ్డీలు చూసి, అక్కడి వైద్యులు ఆశ్చర్యపోయారు.

అయితే బొంగులో బిగిసే కడ్డీ గరాటాలో కదులుతుంది కదా! అందుకు తరవాత ఒక ఉపాయం కనిపెట్టారు. రోగికి మత్తు ఇచ్చి, మోకాలు కాస్త వంచి, అక్కడ చిన్న కోత పెట్టి, కడ్డీని కిందినుంచి పైకి ఎక్కిస్తారు. ముక్కలు సరిగా కూడినదీ లేనిదీ ఎక్స్‌రే తెరమీద చూసుకుంటారు. కడ్డీకి వున్న బెజ్జాలలోంచి అడ్డంగా మరలు బిగిస్తారు. ఇక ముక్కలు జారవు. ఈ శస్త్రచికిత్స ఇప్పుడు కాకినాడలోను, రాజమహేంద్రవరంలోను కూడా జరుగుతున్నది.

కాని ఎముకను అతికించేది కడ్డీ కాదు. ఎముక తనంతట తానే అతుక్కుంటుంది! అరటిచెట్టు గెల బరువుకు ఒరగకుండా ఊతకర్ర పెట్టినట్టే, కడ్డీ దాన్ని నిలబెడుతుంది, అంతే. పూర్తిగా అతకడానికి నెలలు పడుతుంది. మోకాలిని మాత్రం కొద్దిరోజులకే వంచడం మొదలుపెట్టిస్తారు.

ఎవరైనా అలా పడితే కాలు లాగరాదు, మర్దనా చేయరాదు, లేపి నడిపించరాదు. వెంటనే పెద్దలను పిలవండి, 108కి ఫోను చేయించండి. కాలు కదలకుండా రెండు పక్కలా దిండ్లు ఆనించండి. పాదం పాలిపోయి చల్లబడితే, ఆ సంగతి వైద్యుడికి మొదటనే చెప్పండి. ధమని దెబ్బతిన్నదని తెలిపే గుర్తు అదే కావచ్చు.