ఎరువు తెచ్చిన కన్ను

ఎరువుల సొమ్ము బరువుల చేటని మన పెద్దలు చెప్పిరి. ఎరువు నగ పెట్టుకొని పెండ్లిపందిటిలో తిరుగు ఇల్లాలికి మనసంతయు నగ మీదనే యుండును గాని పెండ్లి మీద నుండదు. అది యెక్కడ జాఱిపడునో, సొంతదారు ఎప్పుడు వచ్చి విప్పుమనునో అను భయమే యామెకు మిగులును. మన దేశము చిరకాలముగా ఎరువు తెచ్చుకొనుచు వచ్చినది నగ కాదు, కన్ను. అది చీకటిలో శత్రువును, పొగలో నిప్పును, అర్ధరాత్రమున సముద్రము మీద లేచు తుపానును చూపు కన్ను. దానికి పరారుణ కెమెరా యని పేరు. దీనిని గూర్చి మన సభలలోను పత్రికలలోను చర్చ చాలినంత జరుగుటలేదు. జరిగినంతయు కొనుగోలు ధరలతోనే ముగియుచున్నది.

మొదట విషయమేమో చూతము. 1800 వ సంవత్సరమున విలియం హెర్షెల్ సూర్యకాంతిని పట్టకముతో విడదీసి, ఎఱుపు రంగునకు ఆవల కంటికేమియు కానరాని చోట ఉష్ణమాపకము నుంచగా, అందలి పాదరసము రంగులున్న చోటికంటె పైకి లేచెను. కానరాని వెలుగొకటి కలదని లోకమునకు అట్లు తెలిసినది. మనుష్యదేహము, పశువు, గోడ, బండి, నేల, మేఘము, అన్నియు ఆ వెలుగును రేయింబవళ్లు విడుచుచునే యున్నవి. మన చుట్టునున్న వస్తువుల వేడిమికి ఆ కిరణముల తరంగదైర్ఘ్యము ఇంచుమించు 10 మైక్రానుల యొద్ద పరాకాష్ఠ నందును. మామూలు గాజు వానిని పోనీయదు. అందువలన ఆ కెమెరాలకు జెర్మేనియము వంటి లోహసదృశపదార్థములతో కటకములు చేయుదురు. 2023 ఆగస్టు మొదలు చీనా ప్రభుత్వము జెర్మేనియము ఎగుమతులకు అనుమతిపత్రముల నిర్బంధము పెట్టినది. కటకమునకు సయితము పరుల గుమ్మము నొద్ద నిలువవలసివచ్చునని దీనివలన గ్రహింపవలెను.

అయితే అసలు చిక్కు కటకములో లేదు, చలిలో నున్నది. వేడిమిని చూడబోవు గ్రాహకము తానే వెచ్చగా నున్నచో, తన వేడిమియే తనకు అడ్డమగును. తిరునాళ్లలో నిలిచి ఆమడదూరపు గుసగుస వినబోవుట యెట్టిదో ఇదియు నట్టిదే. 1959 లో ఇంగ్లండులోని మాల్వెర్న్ పరిశోధనాలయమువారు పాదరసము, కాడ్మియము, టెల్లూరియముల మిశ్రస్ఫటికమును వెలువరించిరి. నేటికిని ఉత్తమగ్రాహకములలో అది అగ్రగణ్యము. కాని దానిచేత చక్కగా పని చేయించుటకు సాధారణముగా 77 కెల్విన్, అనగా సున్నకు 196 డిగ్రీల దిగువ వఱకు చల్లార్చవలెను. లేనిచో స్ఫటికములోని ఎలక్ట్రానులు వెలుగు తాకకుండగనే వేడిమివలన లేచి, లేని బొమ్మను కల్పించును.

ఈ చలిని పుట్టించు ఉపాయములలో ముఖ్యమైనది రాబర్ట్ స్టిర్లింగ్ అను స్కాట్లండు మతాచార్యుడు 1816 లో కనిపెట్టిన యంత్రముయొక్క ఉలటా ప్రయోగము. గుప్పిటిలో నిముడు ముషలకము హీలియము వాయువును నొక్కుచు, విడుచుచు, గ్రాహకమునుండి వేడిమిని తోడి బయట పాఱవేయును. గ్రాహకము చుట్టును గాలి లేని కుప్పె యుండవలెను. ఆ కుప్పెలో ఏండ్ల తరబడి శూన్యము నిలువవలెను. చలి యున్నంతవఱకే చూపు. 2003 లో అమెరికావారు పంపిన స్పిట్జర్ దూరదర్శిని యందు ద్రవహీలియము 2009 మే నెలలో అయిపోగా, దాని దీర్ఘతరంగములను చూచు కన్నులు మూతపడినవి. 2021 డిసెంబరు 25 న ఎగసిన జేమ్స్ వెబ్ దూరదర్శిని యందు ఒక పరికరమును 7 కెల్విన్ లోపునకు చల్లార్చు యంత్రమును వేఱుగా అమర్చిరి. కెమెరాకు చలి అలంకారము కాదు, ప్రాణమని దీనివలన స్పష్టము.

ఇప్పుడు మన సంగతి. 2001 లో మన ప్రభుత్వము రష్యానుండి 310 టీ-90 ట్యాంకులను కొనుటకు ఒడంబడిక చేసికొన్నది. వానికి పశ్చిమ ఐరోపాలో తయారైన ఉష్ణచిత్ర కెమెరాలు అమర్చబడినవి. థార్ ఎడారి వేసవిలో, ఉక్కుపెట్టె వలె మూసియున్న ట్యాంకు లోపలి వేడిమికి ఆ కెమెరాలు పనిచేయక చెడుచున్నవని పత్రికలు ఘోషించినవి. ట్యాంకులకు శీతలయంత్రములు పెట్టుదమా యను ఆలోచన బయలుదేఱినది. చలిదేశపువాని కన్నును తెచ్చి ఎడారిలో పెట్టి, తరువాత ఆ కన్నుకొఱకు ఎడారిని చల్లార్చబూనుట ఎంత వింత!

ఇందు దైవవశమున జరిగినదేమియు లేదు, లెక్కయే యున్నది. 77 కెల్విన్ వద్దనున్న గ్రాహకమునుండి ఒక వాటు వేడిమిని తోడిపోయుటకు, బయట 20 డిగ్రీలున్నప్పుడు ప్రకృతిశాస్త్రము ప్రకారము కనీసము 2.8 వాట్ల శక్తి కావలెను. బయట 55 డిగ్రీలున్నచో 3.26 వాట్లు కావలెను. ఇది దోషరహితమైన యంత్రమునకు. నిజమైన యంత్రములకు దీనికి అనేక రెట్లు పట్టును. పైగా బయటి వేడిమి గాలి లేని కుప్పెలోనికి సయితము ఎక్కువగా ప్రసరించును. చల్లార్చు యంత్రము డస్సిపోవును, ఆయువు క్షీణించును. ఈ లెక్క కొన్నవారికిని అమ్మినవారికిని తెలియనిది కాదు. కాని ఆ కన్ను మనది కాదు గనుక, దానిని విప్పి మన ఎండకు తగినట్లు మార్చు అధికారము గాని నేర్పు గాని మన చేతిలో లేకపోయినది.

దీనికి ఎదుటి నిదర్శనము మన యింటనే కలదు. హైదరాబాదులోని రీసెర్చి సెంటర్ ఇమారత్ వారి అన్వేషకముతో కూడిన నాగ క్షిపణి యొకప్పుడు ఇదే ఎడారిలో తడబడినది. మండుటెండలో ఇసుకయు ట్యాంకును ఒకే వేడిమికి రాగా క్షిపణికి గుఱి కానరాలేదు. నాడు పరిహసించినవారు కొల్లలు. కాని ఆ యంత్రముయొక్క కట్టుబడి మన చేతిలోనిది. మనవారు దానిని విప్పిరి, మార్చిరి, మరల పరీక్షించిరి. 2020 అక్టోబరు 22 న పోఖ్రానులో దాని తుదిపరీక్ష నెఱవేఱినది. అందలి ప్రతి యణువును స్వదేశజన్యమని మేము చెప్పుటలేదు. ఓటమి రెండింటికిని కలిగినది. ఒకచోట ఓటమి పాఠమైనది. మఱియొకచోట ఫిర్యాదు మాత్రమే అయినది. స్వదేశమునకును పరదేశమునకును గల భేదమంతయు ఇదియే.

కొందఱు వ్యవహారజ్ఞులు మాకు మూడు ప్రశ్నలు వేయుచున్నారు. బజారులో దొరకుదానిని కష్టపడి చేయుటెందుకని మొదటి ప్రశ్న. బజారు ఎవరిదో వారు చెప్పరు. 1998 లో పోఖ్రాను పరీక్షల తరువాత మన రక్షణ పరిశోధనాలయములును అంతరిక్షసంస్థలును అనేకములు అమెరికావారి నిషిద్ధజాబితా కెక్కినవి. నాడు ఆ బజారు తలుపులు ఒక్కరాత్రిలో మూసికొన్నవి. చల్లార్చనక్కఱలేని మైక్రోబోలోమీటరు కెమెరాలున్నవి గదా యని రెండవ ప్రశ్న. ఉన్నవి, మంచివే. ఆస్పత్రిలో జ్వరము చూచుటకును, కర్మాగారములో వేడెక్కిన తీగను కనుగొనుటకును, అగ్నిమాపకదళమునకును అవి చాలును. కాని దూరముగా, వేగముగా, సూక్ష్మమైన వేడిమిభేదమును చూడవలసినచోట చల్లార్చిన గ్రాహకమునకు అవి సాటిరావు. అవియు 1980 ప్రాంతముల అమెరికా రక్షణశాఖ ధనముతో రహస్యముగా పెరిగినవే. నేటికిని సెకనుకు 9 చిత్రములకు మించని కెమెరాలకు ఎగుమతి సులభము, మించినవానికి ఆంక్షలు. పరుగెత్తు వస్తువును చూడవలసినవానికి నత్తనడక కన్ను ఇచ్చెదమని దీని తాత్పర్యము.

ఈ కెమెరాలు మన దేశములోనే తయారగుచున్నవి గదా యని మూడవ ప్రశ్న. దీనికే మేము గట్టిగా బదులు చెప్పదలచితిమి. పూర్వము ఖద్దరు దినములలో కొందఱు వర్తకులు మిల్లు నూలు తెచ్చి చేతిమగ్గముపై నేయించి స్వదేశీ యని అమ్మిరి. చీర మన మగ్గము మీదిదే, నూలు మాత్రము పరులది. నేడు పెట్టె మనది, తిరుగుడు కాలు మనది, విద్యుత్కోశము మనది, పైనంటించిన చీటీ మనది. లోపలి గ్రాహకమును చల్లార్చు యంత్రమును విదేశమునుండి మూతవేసి వచ్చినవైనచో, ఆ కెమెరాను స్వదేశీ యనుట మిల్లునూలు ఖద్దరే. కొనుగోలు నిబంధనలలో స్వదేశాంశమును విలువలో శాతములుగా కట్టుచున్నారు. శాతము సరిపోయిన సరిపోవచ్చును. కన్ను పీకివేసిన దేహములో కూడ నూటికి తొంబదిపాళ్లకు పైగా దేహమే మిగులును గదా!

మనకు శక్తి లేదనువారికి చలి విషయముననే జవాబున్నది. 1991 లో రష్యాతో కుదిరిన అతిశీతల యంత్రముల ఒడంబడిక 1993 లో అమెరికా ఒత్తిడిచే తలక్రిందులై, విద్య రాక యంత్రములు మాత్రమే వచ్చినవి. ఇరువది యేండ్లు పట్టినది. మధ్యలో ఓటములును కలిగినవి. 2014 జనవరి 5 న స్వదేశపు అతిశీతల యంత్రముతో మన రాకెట్టు జయప్రదముగా ఎగసినది. సున్నకు 253 డిగ్రీల దిగువనున్న ద్రవహైడ్రొజనును లొంగదీసినవారికి 196 డిగ్రీల చలి యసాధ్యమా?

ఇది సేనల సంగతి మాత్రమే యనుకొనరాదు. 1977 నవంబరు 19 న దివిసీమను ఉప్పెన ముంచి పదివేలకు పైగా ప్రాణములను తీసికొనిపోయినప్పుడు, మన తీరము మీద నిలిచి రాత్రియందు మేఘముల వేడిమిని చూచు ఉపగ్రహము మనకొక్కటియు లేదు. 1982 ఏప్రిలులో అమెరికాలో చేయించి తెచ్చిన ఇన్‌శాట్-1ఏ కు ఆ కన్నున్నది. ఆ కన్ను చల్లారుటకు శీతలమైన ఆకాశము అడ్డులేక కనబడవలెను. అందుచే సౌరఫలకములను ఒకే ప్రక్కనుంచి, రెండవ ప్రక్క తూకము కొఱకు ఒక తెఱచాప నమర్చిరి. ఆ తెఱచాప విచ్చుకొనలేదు. సెప్టెంబరునాటికి ఇంధనము తీఱిపోయి ఉపగ్రహమే పోయినది. తరువాత 1992 జూలైలో ఎగసిన ఇన్‌శాట్-2ఏ మనవారు కట్టినది. 2024 ఫిబ్రవరి 17 న ఇన్‌శాట్-3డీఎస్ మన అతిశీతల యంత్రము మోయగా పైకి పోయినది. అది మేఘముల శిఖరముల వేడిమిని చూచుచు, తుపాను బలమును అంచనా కట్టుటకు తోడ్పడును. చలిని సాధించిన దేశమునకు గాని తుపానును ముందుగా చూచు యోగ్యత కలుగదని దివిసీమ బెస్తవానికి చెప్పినచో వెంటనే బోధపడును. కార్యాలయములలోని వారికే ఆలస్యమగుచున్నది.

ఆ దివిసీమకు కూతవేటు దూరమున మచిలీపట్టణమున్నది. అచ్చట 1926 లో ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ యనుపేర శాస్త్రపరికరముల కర్మాగారము వెలసినది. 1983 లో దానిని భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ స్వీకరించినది. రాత్రిచూపు సాధనములు అచ్చట తయారగుచున్నవి. పరాయి పాలనలో కటకములు, పరికరములు సొంతముగా చేసికొందమని పూనిన ఊరది. అట్టి ఊరి పనివారి చేతికి ఇతరులు మూతవేసిన కుప్పెలు అందించి బిగింపుమనుట న్యాయమా?

మేము కోరునవి నాలుగు. స్వదేశీ యని చెప్పుకొను ప్రతి కెమెరాకు గ్రాహకమెచ్చటిది, చల్లార్చు యంత్రమెచ్చటిది అని చీటీ మీదనే వ్రాయవలెను. ఢిల్లీలోని ఘనస్థితి భౌతికశాస్త్ర పరిశోధనాలయము వంటిచోట్ల పుట్టిన గ్రాహకములకు, తొలిదినములలో చెడునవి ఎక్కువయైనను, ఏండ్ల తరబడి తప్పని కొనుగోలు హామీ నీయవలెను. కొనువాడు లేక యే విద్యయు నిలువదు. ఏ కెమెరానైనను రాజస్థానపు మే నెలలో నిలిచిన తరువాతనే కొనవలెను. మన ఇంజనీరింగు కళాశాలలలో శూన్యవిద్యయు అతిశీతలవిద్యయు చేతిపనిగా నేర్పవలెను. పరీక్షకొఱకు వల్లించుట చాలదు.

ఇది ఒక్కనాటి పని కాదు. ధనము పోవును, కొన్ని ప్రయత్నములు చెడును. చెడిన ప్రయత్నము మన చేతిలో మిగులును. ఎరువు కన్ను మాత్రము, మనము మిక్కిలి చూడవలసిన రాత్రియే, సొంతదారు వచ్చి తీసికొనిపోవును.