ఆడిటరు సంతకము - అప్పుల వడ్డీ

ఊరి షావుకారు అప్పిచ్చునప్పుడు అడుగువాని యింటిని, పొలమును, నడవడిని కన్నులార చూచి వడ్డీ నిర్ణయించును. కోట్ల రూపాయలు గోరు కంపెనీ విషయమున బ్యాంకులకు గాని, ఋణపత్రములు కొను జనులకు గాని యట్టి యవకాశము లేదు. వారు చూడగలిగినది ఆస్తి అప్పుల పట్టిక. నమ్మవలసినది దాని క్రింద ఆడిటరు చేసిన సంతకము. ఆ సంతకము విలువను మన వర్తకలోకము ఇంకను చక్కగా గుర్తింపలేదని మా యభిప్రాయము.

వడ్డీలో రెండు పాళ్లున్నవి. ఋణదాత తన సొమ్మునకు గోరు ప్రతిఫల మొకటి. రానిబాకీలకై ముందుగ కూర్చుకొనునది మరియొకటి. నూర్గురికి సమముగా అప్పిచ్చినయెడల ఏట నిద్దరు చెడి, వారి బాకీలో సగము మునుగు ననుకొందము. నష్టము నూటికి ఒక రూపాయి. లెక్కలు నమ్మరానివైనచో ఆ యిద్దరెవ్వరో తెలియదు గనుక, తక్కిన తొంబదియెనమండుగురు యోగ్యులును ఆ రూపాయి నిచ్చుకొనవలసినదే. యోగ్యుని అయోగ్యుని నుండి వేరుపరచుటయే మంచి తనిఖీ చేయు నుపకారము. వేయి కోట్ల అప్పుగల కంపెనీకి వడ్డీ నూటికి ఒక రూపాయి తగ్గినచో ఏట పది కోట్లు మిగులును!

సంతకము వట్టిదైన నేమగునో హైదరాబాదు నగరమే దేశమునకు చూపెను. 2009 జనవరి 7వ తేదీన సత్యం కంప్యూటర్సు అధ్యక్షుడు రామలింగరాజు, లెక్కలలో చూపిన 5,361 కోట్ల నగదు, బ్యాంకు నిలువలలో 5,040 కోట్లు లేనేలేవని స్వయముగా వ్రాసి యొప్పుకొనెను. నిలువల ధ్రువపత్రములను ఆడిటర్లు బ్యాంకుల నుండి నేరుగ తెప్పించుకొనక, ఆ పనిని కంపెనీ చేతికే విడిచిరని 2011లో అమెరికా అధికారులు తేల్చిరి. దొంగచేతికి తాళము లిచ్చుట యన నిదియే గదా!

2018లో మరియొక దెబ్బ తగిలెను. 91,000 కోట్లకు పైబడిన అప్పులు గల ఐ.ఎల్. అండ్ ఎఫ్.ఎస్. సంస్థకు ఆ యేటి నడుమ వరకు రేటింగు సంస్థలు అత్యున్నతశ్రేణి నిచ్చుచుండెను. సెప్టెంబరులో బాకీలు చెల్లింపలేకపోగా అట్టడుగు శ్రేణికి దింపెను. ఋణదాతలు బెదరిరి. దానితో సంబంధము లేని ఫైనాన్సు కంపెనీలును హెచ్చువడ్డీ నిచ్చుకొనవలసివచ్చెను. ఉద్యోగుల ప్రావిడెంటు ఫండ్ల సొమ్ము సైతము అందు చిక్కుకొనెను. ఒకరి లెక్కల చీకటికి ఊరంతయు దండుగ చెల్లించెను.

చట్టములు లేకపోలేదు. 2013 కంపెనీల చట్టము పెద్ద కంపెనీలలో ఆడిటర్లను గడువు తీరగనే మార్చవలెనని విధించెను. వారి పనిని విచారించుటకు 2018 అక్టోబరులో జాతీయ సంస్థ యొకటి యేర్పడెను. అయినను తనిఖీకి లోబడువాడే తనిఖీదారునకు కూలి నిచ్చు పద్ధతి నేటికిని నిలిచియున్నది. ఈ లోపమును కాచుకొనవలసినవారు వాటాదారులే. వాటాలు గల మా చదువరులు వార్షికసభలలో డివిడెండు ఎంత యని మాత్రమే యడిగి తృప్తినొందక, ఆడిటరు వ్రాసిన షరాను చదివి ప్రశ్నింతురు గాక! పరపతి కొనిన దొరకునది కాదు. వెలుతురున వ్రాసిన లెక్కలతో సంపాదించుకొనవలసినది.