వాకిట పఱచిన లెక్కల పుస్తకము

ఇంటికి వచ్చినవారిని మనము అరుగుమీద కూర్చుండబెట్టి, మంచినీళ్లిచ్చి, పిమ్మట మాటలాడుదుము. లోపలి గదులలోని పెట్టెలు తెఱచి చూచుటకు ఎవ్వరికిని సెలవీయము. ఈ కాలమున అంతర్జాలమునందు చిన్న దుకాణములు నడుపుచున్న సోదరీమణులు పెక్కండ్రు గలరు. వారి వెబ్‌సైటును ఒక ఇల్లే. ఆ ఇంటి వాకిలినిగూర్చి ఈ మాసము ముచ్చటింపదలచితిమి.

ఇటీవల మేము వికారాబాదులో రైలెక్కి, తాండూరులోని మా పినతల్లిగారిని చూడబోయితిమి. ఆమె మఱి నలుగురు స్త్రీలతో కూడి కందిపప్పు సంచులకెత్తి అమ్ముచున్నారు. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు లభించినది గదా. దూరపు ఊళ్లవారికిని పప్పు పంపవచ్చునని వారొక వెబ్‌సైటు పెట్టించిరి. ఆమె మురిపెముతో ఒక సంచి బొమ్మను చూపగా, మేము ఆ బొమ్మ చిరునామా చివరనున్న ఫైలు పేరును చెఱిపి, ఫోల్డరు పేరు మాత్రము మిగిల్చి చూచితిమి. తక్షణమే ఆ ఫోల్డరులోని ఫైళ్ల పట్టిక యంతయు తెరమీద నిలిచినది. బొమ్మల నడుమ పప్పు కొన్నవారి జాబితా యొకటి! అందు పేర్లు, ఫోను నంబర్లు, ఇంటి గుర్తులు, ఎవరెంత బాకీయో ఆ లెక్కయు గలవు.

“బిడ్డా, ఇవన్నీ అందరికి కనబడ్తయా?” అని ఆమె యడిగిరి. అవుననుటకు మాకు నోరాడలేదు.

ఇది యెట్లు జరిగినదో చెప్పెదము. ఎవరైన ఒక ఫోల్డరు చిరునామాను అడిగినప్పుడు, వెబ్ సర్వరు ముందుగా అందులో వాకిలి పుట యేదైన గలదా యని వెదకును. సాధారణముగ దాని పేరు ‘ఇండెక్స్.హెచ్‌టీఎంఎల్’. అపాచీ సర్వరులో ఈ పేరును ‘డైరెక్టరీఇండెక్స్’ అను పంక్తిలో నిర్ణయింపవచ్చును. పలు పేర్లు వ్రాసినచో సర్వరు వరుసగా వెదకి, మొదట దొరకినదానిని చూపును. ఒక్కటియు దొరకనిచో రెండే దారులు: పట్టిక చూపుటకు అనుమతి యున్న పట్టిక చూపును, లేకున్న ‘403’ అని ప్రవేశమును నిరాకరించును.

పట్టిక చూపుట మొదట దోషముగ పుట్టినది కాదు. 1989లో టిం బెర్నర్స్-లీ సెర్న్ పరిశోధనాలయమున ఈ వలను ప్రతిపాదించినది పండితులు తమ కాగితములను పంచుకొనుటకే. పంచుకొనువారికి పట్టిక మేలే చేయును. కాని మన గృహపు లెక్కలు పంచిపెట్టుటకు కావు గదా!

నివారణ సులభము. అపాచీలో ‘ఆప్షన్స్’ అను పంక్తిలో ‘ఇండెక్సెస్’ అను మాటకు ముందు మైనసు గుర్తు నుంచవలయును. అద్దె సర్వరైనచో, యజమాని అనుమతించిన యెడల, ‘డాట్ హెచ్‌టీయాక్సెస్’ అను చిన్న ఫైలులో దీనిని వ్రాయవచ్చును. ఎన్‌జిన్‌ఎక్స్ సర్వరు ‘ఆటోఇండెక్స్ ఆన్’ అని వ్రాసిననే గాని పట్టిక చూపదు. ఇవి తెలియనివారు ప్రతి ఫోల్డరులోను ఒక వాకిలి పుట నుంచినను పట్టిక మఱుగుపడును.

అయినను ఒక హెచ్చరిక. పట్టికను దాచుట తాళము వేయుట కాదు. ఫైలు పేరు తెలిసినవాడు నేరుగ అడిగిన, సర్వరు దానిని ఇచ్చివేయును. కావున కొన్నవారి వివరములను వెబ్‌సైటు ఫోల్డరులోనే యుంచరాదు. సర్వరు లోకమునకు చూపు భాగమునకు వెలుపల భద్రపఱుపవలయును.

ఆ సాయంకాలమే జాబితాను తీసివేయించి, పట్టికను మూయించితిమి. ఎవరైన అంతకుముందే దానిని చూచిరేమో చెప్పజాలము. కావున పినతల్లిగారు దీపము పెట్టిన పిదప ఫోను చేత బట్టుకొని, జాబితాలోని వారినెల్ల ఒక్కొక్కరిగా పిలిచి జరిగినది చెప్పిరి. ఒకరిద్దఱు కోపించిరి. ఆమె మాఱు పలుకక విని, క్షమింపుమని వేడుకొనిరి. పప్పు కొన్నవారు మనకిచ్చినది సొమ్ము మాత్రమే కాదు, తమ పేరును, ఇంటి గుర్తును నమ్మి యిచ్చిరి. సోదరీమణులారా, నేడే మీ వెబ్‌సైటులోని ఒక బొమ్మ చిరునామా చివర చెఱిపి చూచుకొనుడు.