ఊరి పేరులోనే ఉన్న పాఠం



"చిన్నప్పుడే తెలుగు నేర్పితే పిల్లల ఇంగ్లీషు ఉచ్చారణ చెడిపోతుంది" అని కొందరు పెద్దలు భయపడుతుంటారు. అందువలన బిడ్డ ప్రెప్ తరగతిలో చేరగానే ఇంట్లో తెలుగు పుస్తకం అటకెక్కుతుంది. ఈ భయం సరికాదని నా అభిప్రాయం. తెలుగు వర్ణమాల తెలిసిన చెవి ఇంగ్లీషు ధ్వనులను మరింత శ్రద్ధగా వినగలదు. అయితే రెండు భాషల తీరులో ఉన్న భేదాన్ని మనం పిల్లలకు విడమరచి చెప్పాలి.

ఇంగ్లీషులో అక్షరాలు 26, ధ్వనులు సుమారు 44. అక్షరాలు చాలవు కనుక కొన్నిచోట్ల రెండక్షరాలు జతకూడి ఒకే ధ్వనిని పలికిస్తాయి. 'ఎస్' పక్కన 'హెచ్' చేరితే సకార హకారాలు వేరువేరుగా వినబడవు; 'ష' అన్న ఒక్క ధ్వనే వినబడుతుంది. ఇట్టి జంటను డైగ్రాఫ్ అంటారు. మన సంయుక్తాక్షరం తీరు ఇందుకు విరుద్ధం. అందులో హల్లులు ఒకే గుంపుగా కనిపించినా ప్రతి హల్లూ వినబడుతుంది.

ఈ రెండు తీరులూ మన ఊరి పేరులోనే ఉన్నాయి. 'స్ప్రింగ్‌ఫీల్డ్' అన్నప్పుడు మొదట స, ప, ర మూడూ వినబడతాయి. ఆ తరువాత వచ్చే 'ఎన్-జి' జంటకు మాత్రం ఒకటే ధ్వని. తెలుగులో మనం 'గ్' వ్రాస్తాము గాని ఇంగ్లీషువారి నోట ఆ గకారం వినబడదు. వారు పలికేది మన 'ఙ'. "ఈ అక్షరం ఎందుకు పనికివస్తుందండీ?" అని మీరు తరగతిలో తరచు అడిగే ఙకారం మీ ఊరి పేరులోనే దాగి ఉన్నది!

స్ప్రింగ్‌ఫీల్డ్ సెంట్రల్ నుండి బ్రిస్బేన్ నగరానికి వెళ్ళే రైలు దారిలోని స్టేషన్ల పేర్లను గమనించండి. రిచ్‌లాండ్స్, చెల్మర్ పేర్లలో 'సి-హెచ్' జంట చకారంగా పలుకుతుంది. షెర్‌వుడ్‌లో 'ఎస్-హెచ్' ఉన్నది. టూవాంగ్ చివర మళ్ళీ ఙకారం. ఆకెన్‌ఫ్లవర్‌లోనూ 'సి-హెచ్' జంటే ఉన్నది గాని అక్కడ అది కకారమయింది! ఒకే జంట రెండు విధాల పలుకుతున్నదంటే, కన్ను చూసినది చాలదు, చెవి కూడా వినాలి అన్నమాట. అందుచేత చిన్నపిల్లలకు ముందు ధ్వనిని వినిపించి, ఆ తరువాతనే అక్షరాల జంటను చూపాలని నేను కోరుతున్నాను.

అసలు చిక్కు 'టి-హెచ్' జంటతో వస్తుంది. మనవారు గీత, లత, స్వాతి వంటి పేర్లలోని తకారానికి ఇంగ్లీషులో ఈ జంటనే తరచు వ్రాస్తారు. ఇక్కడి ఉపాధ్యాయులు దానిని తమ పద్ధతిలో, నాలుకను పళ్ళ నడుమ ఉంచి పలుకుతారు. అది వారి తప్పు కాదు, పిల్లల తప్పూ కాదు. ఆ ధ్వని తకారమూ కాదు, థకారమూ కాదు. దానికి తెలుగులో అక్షరమే లేదు. పరీక్షించి చూడండి. 'కథ'లోని 'థ్'ను సాగదీయలేరు, ఊపిరి ఒక్కసారిగా బయటికి వస్తుంది. 'థింక్' అనే ఇంగ్లీషు మాట మొదటి ధ్వనిని మాత్రం ఊపిరి ఉన్నంతసేపు సాగదీయవచ్చు. 'దిస్' అనే మాటలోనూ ఇదే జంట ఉన్నది గాని, గొంతుపై చేయి ఉంచితే అప్పుడు అదురు తెలుస్తుంది. అద్దం, అరచేయి ఉంటే చాలు, ఈ పాఠం అయిదు నిమిషాలలో నేర్వవచ్చు.

తెలుగులో ప్రతి అక్షరానికీ ఒకే ధ్వని అని నేను గొప్పలు చెప్పను. 'చలి', 'చిలుక' అన్న మాటలను మీ అమ్మమ్మగారినో నాన్నమ్మగారినో పలుకమని అడగండి. రెండు చకారాలూ ఒకటి కావని మీరే కనిపెడతారు. ప్రతి భాషకూ తన మర్యాద ఉన్నది. ఒకదాని కొలతతో మరొకదానిని కొలవరాదు.

కనుక పెద్దలకు నా విన్నపం ఇది: చిన్నపిల్లలకు తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరాలతో వ్రాసి ఇవ్వకండి. అలా వ్రాస్తే త, థ రెండూ ఒకే జంటలో కలిసిపోయి, బిడ్డ రెండు భాషలలోనూ తడబడుతుంది. తెలుగును తెలుగు అక్షరాలలోనే చదివించండి.

విద్యార్థులారా, మీకూ ఒక పని. మీ ఇంట్లో తమ్ముడో చెల్లెలో ఉంటే, ఈసారి రైలెక్కినప్పుడు స్టేషన్ పలకలను చూపి, "ఇక్కడ అక్షరాలు ఎన్ని? వినబడే ధ్వనులు ఎన్ని?" అని అడగండి. వారి పేరును మాత్రం ముందుగా తెలుగులో వ్రాయడం నేర్పండి. తమ పేరు సరిగా ఎలా పలకాలో తెలిసిన బిడ్డ దానిని ఎవరికైనా ధైర్యంగా నేర్పగలదు.