మైకు అవతల మేము



ఈమధ్య మన గ్రూపులో పాతకాలపు రేడియో, టీవీ కళాకారులు తమ అనుభవాలు చెప్పుకునే వీడియోలు చాలా వస్తున్నాయి. అందరూ చెప్పేది దాదాపు ఒకటే. టేపు మీద పట్టి దిద్దుకునే వసతి లేని రోజుల్లో పాటైనా నాటకమైనా నేరుగా ప్రసారమే. ఎర్ర దీపం వెలిగాక దగ్గు వచ్చినా ఆపుకోవాలి. ఎదురుగా మైకు తప్ప మనిషి ఉండడు. వినేది ఎవరో వాళ్ళకు కనబడదు.

ఆ వినేవాళ్ళం మేము.

మేము బడిలో చదివింది తమిళం. తెలుగు అక్షరాలు రైల్వేలో చేరాక గూడూరు లైనులో స్టేషను బోర్డులు చూసి కూడబలుక్కున్నవే. పక్కనే ఇంగ్లీషులో పేరు ఉంటుంది కాబట్టి సరిపోయింది. కానీ 'భ'కూ 'బ'కూ తేడా బోర్డు చెప్పదు. అది చెవికి నేర్పింది రేడియో. సిలోన్ రేడియోలో మీనాక్షి పొన్నుదురై గారి గొంతు గుర్తుందా? పేరు తమిళ పేరు, నోట చక్కని తెలుగు. మనకెందుకు రాదు అనిపించేది.

ఇంకొకటి మన పిల్లలకు తెలియాలి. మద్రాసు రేడియో కేంద్రం 1938 జూన్ 16న మొదలైంది. విజయవాడ కేంద్రం వచ్చింది 1948 డిసెంబరు 1న. ఆ పదేళ్ళూ ఆంధ్ర జిల్లాలకు తెలుగు వినిపించింది మద్రాసే. బాలాంత్రపు రజనీకాంతరావు గారు 1941లో చేరింది ఇక్కడే. రేడియో అన్నయ్య, అక్కయ్య అయిన న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు పిల్లల కార్యక్రమాలు మొదలుపెట్టిందీ ఇక్కడే. ఈ రేడియోలో పాడిన పి. సుశీల గారినే పెండ్యాల నాగేశ్వరరావు గారు సినిమాకు తీసుకున్నారు.

ఇంత చరిత్ర ఉన్న ఊళ్ళో మన సంగతి చూడండి. పోయిన వార్షికోత్సవంలో ఒక అబ్బాయి తెలుగు పాటను తమిళ లిపిలో రాసుకొని పాడాడు. తమిళంలో 'క'కూ 'గ'కూ ఒకటే అక్షరం. 'గుడి' అనవలసిన చోట 'కుడి' అన్నాడు. తమిళంలో అది 'తాగు' అని. జనం నవ్వారు. ఆ బిడ్డ ముఖం చిన్నబోయింది. తప్పు వాడిది కాదు, నేర్పని మనది.

'పాడుతా తీయగా'లో బాలు గారు పిల్లల ఉచ్చారణ దిద్దడం అందరం చూశాం. నవ్వి వదిలేయలేదు, దగ్గరుండి సరిచేశారు. ఆ పని మన ఇంట్లో ఎవరు చేస్తున్నారు?

ఫోనులో బోలెడు తెలుగు ఉందిగా అని కొందరు అంటారు. నిజమే. కానీ ఫోను తప్పు దిద్దదు.

అందుకని మా మాట ఒకటి. ఈ ఉగాదికి ఆర్కెస్ట్రా ఖర్చు కొంత తగ్గించుకుందాం. ప్రతి బిడ్డకూ మూడు నిమిషాలు మైకు ఇద్దాం, చేతిలో కాగితం లేకుండా తెలుగులో మాట్లాడనీయండి. తప్పులు నవ్వకుండా దిద్దుదాం. డెబ్భై దాటిన మన అవ్వల, తాతల పాటలూ కథలూ ఫోనులోనే రికార్డు చేసి దాచుదాం. రేడియోవాళ్ళకు వినేవాళ్ళు కనబడలేదు. మన అవ్వకు మనవడు పక్కనే కూర్చొని ఉన్నాడు, అయినా వినడం లేదు.

ఒప్పుకోనివాళ్ళు కూడా కింద రాయండి, చర్చిద్దాం. రాతలో తప్పులుంటే దిద్దండి. మాది తమిళ బడి తెలుగు.