గదిలో గుర్రం

‘రేపటి నుంచి వాకింగ్’ అనే తీర్మానం మన ఇళ్లలో తరచూ జరుగుతుంది. సోమవారం ఉత్సాహంగా మొదలవుతుంది. బుధవారం నైట్‌ డ్యూటీ పడుతుంది. గురువారం చుట్టాలొస్తారు. శుక్రవారం పిల్లాడికి జ్వరం. శనివారానికి బూట్లు మళ్లీ మంచం కిందికి చేరతాయి. ఆదివారం సంగతి చెప్పనక్కర్లేదు. మూడు గంటల ఆరాధన, ఆపైన ప్రేమవిందు, ఆపైన నిద్ర! కాస్త తీరిక దొరికాక చూద్దామనుకుంటాం. షుగరో, బీపీయో బయటపడి డాక్టరు మందలించేదాకా ఆ తీరిక దొరకదు.

తీరికలేని జీవితమంటే జాన్‌ వెస్లీది. మన సంఘాల్లో ఎందరో బిడ్డలకు పెట్టుకున్న పేరది. 1924లో ప్రతిష్ఠించిన మెదక్‌ చర్చిని కట్టించిన మిషనరీలు ఆయన బాటలోని వారే. 18వ శతాబ్దపు ఇంగ్లండ్‌లో సువార్త కోసం ఈ రాత్రి ఒక ఊరు, రేపు మరో ఊరు తిరిగారు. వానలు, బురద దారులు, రాళ్లు విసిరే అల్లరిమూకలు. 1753 నవంబర్‌లో, యాభయ్యేళ్ల వయసులో జబ్బుపడి, అది క్షయేనని భావించి, తన సమాధి మీద రాయవలసిన మాటలు కూడా తానే సిద్ధం చేసుకున్నారు. కానీ ఆయన కన్నుమూసింది 1791లో, 87 ఏళ్ల వయసులో!

1774లో, పుట్టినరోజు నాడు, తన బలం ముప్పై ఏళ్ల కిందటిలాగే ఉందని ఆశ్చర్యపోతూ వెస్లీ డైరీలో కారణాలు రాసుకున్నారు. అన్నిటికన్నా ముందు దేవుని చిత్తం. ఆ తర్వాత తెల్లవారుజామున 4 గంటలకే లేవడం, 5 గంటలకు ప్రసంగించడం, ఏటా 4,500 మైళ్లకు తగ్గకుండా ప్రయాణించడం. అంటే దాదాపు 7,200 కిలోమీటర్లు. అందులో చాలా ఏళ్లపాటు గుర్రమే ఆయన వాహనం. వ్యాయామానికి వేరే వేళ వెతుక్కోకుండా, చేస్తున్న పనిలోనే దాన్ని కలుపుకున్నారన్నమాట.

మరి గుర్రమెక్కే వీల్లేని రోజు సంగతేమిటి? లండన్‌లో ఆయన నివసించిన ఇల్లు ఇప్పుడు మ్యూజియం. అందులో ఒక వింత కుర్చీ ఉంది. దానిపై కూర్చుని పైకీ కిందికీ ఊగితే గుర్రపుస్వారీ చేసినట్టే ఒళ్లు కదులుతుంది. దాని పేరే ‘ఛేంబర్‌ హార్స్‌’, అంటే గది గుర్రం. ఆయన తన వైద్య పుస్తకంలో రాసిన సలహాలన్నిటికన్నా ఈ కుర్చీయే మనకెక్కువ నేర్పుతుందనిపిస్తుంది. అన్నీ సవ్యంగా ఉన్న రోజు ఏం చేయాలో అందరం ఆలోచిస్తాం. సవ్యంగా లేని రోజు కోసం ముందే ఏర్పాటు చేసుకునేవారు తక్కువ.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా ఈ ఆలోచనకు దగ్గరగానే ఉన్నాయి. పెద్దలు వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ చేయాలి. అంతకుముందు ఏకబిగిన కనీసం పది నిమిషాలైనా చేస్తేనే లెక్క. ఆ షరతు తీసేశారు. బస్సు ఒక స్టాపు ముందే దిగి నడిచినా, ఆఫీసులో లిఫ్టు మాని మెట్లెక్కినా లెక్కలోకి వస్తుంది. పైగా లెక్క వారానిది కాబట్టి బుధవారం తప్పిపోయినంత మాత్రాన గురువారం మానేయనక్కర్లేదు. గుండెజబ్బు, మోకాళ్ల నొప్పులున్నవారు మాత్రం డాక్టర్ని అడిగి మొదలుపెట్టాలి.

ఇంట్లో ఎవరికి ఈ కాస్త సమయం కూడా దొరకడం లేదో గమనించాలి. నాన్న వాకింగ్‌కు వెళ్లే వేళకు అమ్మ టిఫిన్‌ చేస్తూ, బాక్సులు సర్దుతూ ఉంటుంది. ఇంటిపనే ఆమెకు వ్యాయామం అని తేలిగ్గా అనేస్తాం. రెండు గంటలు స్టవ్‌ ముందు నిలబడటం నడక కాదు. ఆమె కూడా నడవాలంటే వారంలో మూడు ఉదయాలైనా ఆ స్టవ్‌ దగ్గర ఇంకొకరు నిలబడాలి.